వీధికుక్కలు, తప్పిపోయిన కుక్కలు: చట్టం, పౌరుల బాధ్యత

యజమాని వెంట లేకుండా వీధిలో కనిపించిన కుక్క విషయంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో భారతదేశంలో ఏ ఒక్క చట్టమూ పూర్తిగా చెప్పదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నియమాలు, 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత, మున్సిపల్, పంచాయతీరాజ్ చట్టాలు, సుప్రీంకోర్టు ఉత్తర్వులు అన్నీ కలిపి చూసుకోవాలి. వీటన్నిటిలో మొదట తేలాల్సింది ఒక్కటే: ఆ కుక్క ఎవరిది? ఇంటి నుంచి తప్పిపోయి వచ్చినదైతే అది ఒకరి ఆస్తి. పరాయి వస్తువు దొరికిన మనిషికి ఉండే బాధ్యతలన్నీ దాన్ని పట్టి తెచ్చుకున్నవారికి ఉంటాయి. వీధిలో పుట్టి పెరిగినదైతే దాని బాగోగులు స్థానిక సంస్థ చూడాలి; దాన్ని అక్కడి నుంచి తరలించే అధికారం పౌరులకు లేదు. జనం తెలియక చేసే తప్పుల్లో చాలావరకు ఈ తేడా చూడకపోవడం వల్లే జరుగుతాయి. తప్పిపోయిన పెంపుడు కుక్కను దిక్కులేనిదని ఉంచేసుకుంటారు. వీధికుక్కను గోనెసంచిలో కట్టి పొరుగూరి పొలిమేరలో వదిలి వస్తారు. రెండూ చట్టం ఒప్పని పనులే.

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు దాదాపు 1.53 కోట్లు. ‘ఆ కుక్క ఎవరిది’ అన్న ప్రశ్న ఏదో ఒక రోజు ప్రతి ఇంటి ముందుకూ వస్తుంది.

చట్టాల నేపథ్యం

వీధికుక్కలను సర్కారే చంపించడం బ్రిటిష్ వారి కాలం నుంచీ ఉంది. 1832 జూన్ 6న బొంబాయిలో పార్సీలు దీనికి వ్యతిరేకంగా తిరగబడ్డారు. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ పెట్టిన ప్రైవేటు బిల్లు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టానికి దారి తీసింది. ఆ చట్టం కింద 1962లో భారత జంతు సంక్షేమ బోర్డు ఏర్పడగా ఆమే తొలి అధ్యక్షురాలయ్యారు. అయితే ఆ చట్టంలోని 11(3)(బి) సెక్షను, నిర్ణీత పద్ధతుల్లో వీధికుక్కలను చంపడాన్ని హింసగా లెక్కించలేదు. నగరపాలక సంస్థలు దశాబ్దాల పాటు ఆ పని చేస్తూనే వచ్చాయి.

ఎన్ని చంపినా కుక్కలు తగ్గలేదు. ఆడకుక్కకు చూలు రెండు నెలలే, దాదాపు 63 రోజులు. ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. చెత్తకుప్పల్లో తిండి దొరుకుతున్నంత కాలం, ఒక వీధిలో కుక్కలు పోతే ఆ ఖాళీలోకి చుట్టుపక్కలవి వచ్చి చేరతాయి. చెన్నైలో 1959లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు, చంపడం మాని సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి టీకా వేసి వదలాలని ఏళ్ల తరబడి వాదించాయి. ఆ వాదనే 2001లో కేంద్ర నియమాలుగా మారింది. వాటి స్థానంలో 2023 మార్చి 10న జంతు సంతాన నియంత్రణ నియమాలు వచ్చాయి. జీవుల పట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ(జి) అధికరణం చెబుతుంది.

ఎవరి కుక్కో గుర్తించడం

కుక్కను పట్టుకునే ముందు కాసేపు దూరం నుంచి చూడాలి. వీధికుక్క తన చోటులో నిబ్బరంగా ఉంటుంది. ఎక్కడ పడుకోవాలో, ఏ అరుగు మీద నీడ ఉంటుందో, ఏ ఇంటివాళ్లు అన్నం వేస్తారో దానికి తెలుసు. తప్పిపోయిన కుక్క అటూ ఇటూ పరుగెడుతుంది, వాహనాల మధ్యకు వెళుతుంది, వచ్చేపోయేవారి ముఖాల్లోకి చూస్తుంది, వీధికుక్కలు తరిమితే తోక కాళ్ల మధ్య పెట్టుకుని ఏదో ఒక గేటు దగ్గర నక్కుతుంది.

దగ్గరికి రానిస్తే మెడ చూడాలి. బెల్టు గాని, బిళ్ల గాని ఉండవచ్చు. బెల్టు లేకపోయినా, అది ఒరుసుకున్న చోట వెంట్రుకలు అణిగి, పలచబడి, మెడ చుట్టూ గీతలా కనిపిస్తుంది. కత్తిరించిన గోళ్లు, దువ్విన వెంట్రుకలు, పేరు పెట్టి పిలిస్తే తిరిగే చెవులు కూడా ఇంటి కుక్క ఆనవాళ్లే. కొన్ని పెంపుడు కుక్కలకు భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ ఉంటుంది. పశువైద్యుడు స్కానర్ పెడితే అందులోని నంబరు తెలుస్తుంది. ఆ నంబరు మీద యజమాని వివరాలు నమోదై ఉంటాయి.

చెవి కొసన చిన్న గాటు కనిపిస్తే అది దెబ్బ కాదు. సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటనే వదిలిన వీధికుక్క అని దాని అర్థం. అలాంటి కుక్కను మళ్లీ పట్టించాల్సిన పని లేదు. ఏడాదికోసారి టీకా పడుతోందో లేదో చూసుకుంటే చాలు. దేశవాళీ కుక్కలను ఇళ్లలో పెంచుకునేవారూ ఉన్నారు కాబట్టి జాతిని చూసి వీధికుక్క అని తేల్చేయకూడదు.

తప్పిపోయిన పెంపుడు కుక్క దొరికితే

కాంట్రాక్టు చట్టం 71వ సెక్షను ప్రకారం, పరాయి వస్తువు దొరికి దాన్ని తన దగ్గర ఉంచుకున్న మనిషికి, ఒకరు నమ్మి అప్పగించిన వస్తువును దాచేవారికి ఉండే బాధ్యతే ఉంటుంది. పెంపుడు జంతువు కూడా చట్టం దృష్టిలో ఆస్తే. అదే చట్టం 151వ సెక్షను ప్రకారం ఆ కుక్కను, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత కుక్కను చూసుకున్నంత శ్రద్ధగా చూసుకోవాలి. మీ దగ్గర ఉండగా అది ఈనితే? 163వ సెక్షను ఆవు-దూడ ఉదాహరణతో దీనికి జవాబిస్తుంది: ఆవును అప్పగించుకున్నవారు ఆవుతో పాటు దూడనూ తిరిగి ఇవ్వాలి. కుక్కకూ ఆ సూత్రమే వర్తిస్తుంది.

కుక్కను కాపాడడానికి, యజమానికి తిరిగి ఇవ్వడానికి తీసుకుంటే నేరం కాదు. యజమాని ఎవరో తెలిసి, లేదా తెలుసుకునే మార్గం ఉండి, వెతికి తెలియజేసే ప్రయత్నం చేయకుండా సొంతం చేసుకుంటే మాత్రం భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కింద అక్రమ స్వాధీనం అవుతుంది. దానికి 6 నెలలకు తగ్గకుండా 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. అందుకే వెతికిన ఆనవాళ్లు మిగుల్చుకోవడం చాలా ముఖ్యం.

ఆచరణలో చేయాల్సినవి ఇవి. కుక్క దొరికిన చోటు, తేదీ, సమయం రాసుకుని ఫొటోలు తీయాలి. దగ్గరలోని పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా తెలిపి, ఇచ్చిన కాగితం నకలు మీద ముద్ర వేయించుకోవాలి. పట్టణంలో మున్సిపాలిటీకి, పల్లెలో పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లో, అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, దొరికిన వీధి కూడళ్లలో ప్రకటన పెట్టాలి. ప్రకటనలో అన్ని గుర్తులూ రాయకూడదు. పొట్ట మీది మచ్చ, బెల్టు రంగు వంటి ఒకటి రెండు దాచి ఉంచి, తనదని వచ్చినవారిని వాటి గురించే అడగాలి. టీకా పుస్తకం, పాత ఫొటోలు, మున్సిపల్ లైసెన్సు చూపమనాలి. జాతికుక్కలకు మార్కెట్లో ధర ఉంది కాబట్టి దొంగ యజమానులు కూడా వస్తారు. తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు రాయించుకోవడం ఇద్దరికీ మేలు.

తిండికీ వైద్యానికీ అయిన ఖర్చు మాటేమిటి? తనంతట తాను పెట్టిన ఖర్చు కోసం దావా వేసే హక్కు దొరికినవారికి లేదు. కానీ కాంట్రాక్టు చట్టం 168వ సెక్షను ప్రకారం ఆ ఖర్చు ఇచ్చేదాకా కుక్కను తన దగ్గర ఉంచుకోవచ్చు. యజమాని ముందే బహుమతి ప్రకటించి ఉంటే ఆ సొమ్ము కోసం దావా వేయవచ్చు.

వదిలేసిన కుక్క

యజమానులే తీసుకొచ్చి వదిలేసిన కుక్కలు మరో రకం. ఇల్లు మారినప్పుడు, ముసలిదైనప్పుడు, జబ్బు చేసినప్పుడు జాతికుక్కలను ఊరి బయట దించి వెళ్లేవారున్నారు. ఇంటి తిండికి అలవాటుపడిన ఆ కుక్కకు వీధిలో బతకడం చేతకాదు. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం జంతు హింస నిరోధక చట్టం 11(1)(ఐ) సెక్షను కింద నేరం. అయితే మొదటి తప్పుకు శిక్ష 10 నుంచి 50 రూపాయల జరిమానా మాత్రమే. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయల జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960లో రాసిన ఆ అంకెలు ఇంకా అలాగే ఉండడం సిగ్గుపడాల్సిన విషయం. వదిలి వెళ్లిన వాహనం నంబరు, సీసీటీవీ దృశ్యం ఉంటే పోలీసులకు ఇవ్వాలి. యజమాని ఎవరో తేలేదాకా ఈ కుక్క విషయంలో కూడా తప్పిపోయిన కుక్కకు పాటించే పద్ధతే పాటించాలి.

వీధికుక్క కనిపిస్తే

2023 నియమాలు వీధికుక్కను ఆ ప్రాంతపు సామాజిక జంతువుగా పరిగణిస్తాయి. పెంపుడు కుక్కకు టీకా వేయించడం, ఆపరేషన్ చేయించడం యజమాని పని. వీధికుక్కకు ఆ పనులు స్థానిక సంస్థ చేయాలి. జంతు సంక్షేమ బోర్డు గుర్తించిన సంస్థ సాయం తీసుకోవచ్చు. పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, కోలుకున్నాక పట్టిన చోటనే వదలాలి. ఆరు నెలలు నిండని పిల్లలను ఆపరేషన్‌కు పట్టకూడదు. వీధిలో కుక్కలు పెరిగితే పౌరులు చేయాల్సింది ఫిర్యాదు: ఏ వీధి, దాదాపు ఎన్ని కుక్కలు, ఎన్నిటికి చెవి గాటు ఉంది, ఏదైనా కరుస్తోందా అన్న వివరాలతో. ఫిర్యాదు నంబరు తప్పక రాసుకోవాలి. సొంతంగా వలలు వేసి పట్టడానికీ, డబ్బిచ్చి పట్టించి ఎక్కడో వదిలించడానికీ చట్టం ఒప్పుకోదు. కొత్త చోటికి వెళ్లిన కుక్క అక్కడి కుక్కలతో కొట్లాడుతుంది, భయంతో మనుషులను కరుస్తుంది. టీకా పడనిదైతే రేబీస్‌ను కూడా వెంట తీసుకుపోవచ్చు.

2025లో సుప్రీంకోర్టు ఉత్తర్వులు ఈ చిత్రాన్ని కొంత మార్చాయి. ఢిల్లీలో కుక్కకాట్లపై తనంతట తానుగా విచారణ చేపట్టిన కోర్టు, ఆ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించి తిరిగి వదలవద్దని ఆగస్టు 11న ఆదేశించింది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆగస్టు 22న దాన్ని సవరించింది. ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటనే వదలాలని, రేబీస్ సోకిన, సోకిందన్న అనుమానం ఉన్న, దూకుడుగా ఉన్న కుక్కలను మాత్రం వదలకూడదని చెప్పింది. కేసు పరిధిని దేశమంతటికీ పెంచింది. నవంబరు 7న మరో ఉత్తర్వు వచ్చింది. బడులు, కళాశాలలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని వీధికుక్కలను తీసి, ఆపరేషన్, టీకా తర్వాత షెల్టర్లలో ఉంచాలని, అక్కడికే తిరిగి వదలవద్దని ఆదేశించింది. అంటే కుక్క ఏ వీధిదన్నదే కాక, కనిపించిన స్థలం ఏదన్నది కూడా ఇప్పుడు చట్టానికి ముఖ్యం. ఈ కేసులో ఒక ఉత్తర్వు వెంట మరొకటి వస్తున్నందున స్థానిక సంస్థను అడిగి తాజా స్థితి తెలుసుకోవాలి.

గాయపడిన కుక్క, కుక్కపిల్లలు

బండి గుద్ది పడి ఉన్న కుక్కను ఆసుపత్రికి చేర్చడాన్ని ఏ చట్టమూ తప్పుపట్టదు. నొప్పితో ఉన్న కుక్క ఎంత సాధువైనా కరవవచ్చు. మందపాటి దుప్పటి కప్పి, మూతికి మెత్తటి గుడ్డ వదులుగా కట్టి, పలక మీదికి జరిపి తీసుకెళ్లాలి. ఊపిరి అందకుండా ఉన్నా, వాంతి చేసుకుంటున్నా మూతి కట్టకూడదు. నయం కాదనుకున్న కుక్కకు దయామరణం ఇవ్వాలా అన్నది నియమాల ప్రకారం పశువైద్యుడు ఉండే బృందం తేల్చాలి. జాలితోనైనా సరే, మనంతట మనం చంపకూడదు.

కుక్కపిల్లలు ఒంటరిగా కనిపించినా వెంటనే ఎత్తుకుపోకూడదు. తల్లి తిండికి వెళ్లి ఉండవచ్చు. కొన్ని గంటలు గమనించాలి. తల్లి చనిపోయిందనో, పిల్లలు మురుగుకాలువ పక్కన ప్రమాదంలో ఉన్నాయనో తేలితేనే కదపాలి. పాలు మానని పిల్లలను తల్లి నుంచి వేరు చేస్తే అవి బతకడం కష్టం.

పిచ్చికుక్క, కుక్క కాటు

చొంగ కార్చుకుంటూ, తూలుతూ, ఎదురుపడినదాన్నల్లా కరుస్తూ తిరిగే కుక్క కనిపిస్తే పిల్లలను లోపలికి పంపి, వెంటనే స్థానిక సంస్థకు ఫోన్ చేయాలి. రాళ్లతో తరిమితే అది మరో వీధిలో మరికొందరిని కరుస్తుంది. అనుమానమున్న కుక్కను పట్టి విడిగా ఉంచాలని నియమాలు చెబుతాయి. రేబీస్ సోకినదైతే సాధారణంగా 10 రోజుల్లోపే చనిపోతుంది.

కాటు పడితే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసర్లు పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వాసుపత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. కండకు వేసేదైతే 14వ రోజు కూడా ఉంటుంది. చర్మం చిట్లి రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. కుక్క బాగుందో లేదో 10 రోజులు గమనించడం మంచిదే గాని, ఆ కారణంతో టీకా మొదలుపెట్టడం ఆపకూడదు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఆసుపత్రి చీటీ, ఫిర్యాదు నకలు దాచుకోవాలి. పరిహారం అడగాలంటే అవే ఆధారం. కాటు పడిన ప్రతి పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు ఇవ్వాలని పంజాబ్-హర్యానా హైకోర్టు 2023లో తీర్పు చెప్పింది. కరిచింది పెంపుడు కుక్కయి, యజమాని నిర్లక్ష్యం ఉంటే న్యాయ సంహిత 291వ సెక్షను కింద 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

తిండి పెట్టడం

వీధికుక్కలకు తిండి పెట్టడం నేరం కాదు. ఎక్కడ పడితే అక్కడ పెట్టడానికి మాత్రం వీల్లేదు. 2023 నియమాల ప్రకారం కాలనీ సంఘం, అపార్టుమెంటు సంఘం, లేదా స్థానిక సంస్థ ప్రతినిధి చోటు, వేళ నిర్ణయించాలి. ఆ చోటు పిల్లల ఆటస్థలాలకు, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా ఉండాలి. తగాదా వస్తే ఆ నియమాల కింద ఏర్పాటయ్యే జంతు సంక్షేమ కమిటీ తేలుస్తుంది. వార్డుకో చోటు కేటాయించాలని, వీధుల్లో ఎక్కడంటే అక్కడ పెట్టకూడదని 2025 ఆగస్టు 22 ఉత్తర్వు చెప్పింది. తిండి పెట్టేవారే ఆ కుక్కలను ఆపరేషన్‌కు, టీకాకు పట్టి ఇవ్వడంలో సాయపడితే వీధి మొత్తానికి మేలు. కుక్క వాళ్ల దగ్గరికే నమ్మి వస్తుంది.

హింస, శిక్షలు

ఏ జంతువునైనా చంపడం, విషం పెట్టడం, అవయవం పనికిరాకుండా చేయడం న్యాయ సంహిత 325వ సెక్షను కింద నేరం. 5 ఏళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడతాయి. పోలీసులు నేరుగా కేసు పెట్టవచ్చు. జంతు హింస నిరోధక చట్టం 11(1)(ఎల్) సెక్షను వీధికుక్కలను పేరు పెట్టి ప్రస్తావిస్తూ, గుండెలోకి స్ట్రిక్నిన్ విషం ఎక్కించి చంపడాన్ని నిషేధిస్తుంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో 20 కుక్కలను తుపాకీతో కాల్చి చంపిన ఉదంతంలో పోలీసులు కేసు నమోదు చేశారు. ఊరివారి ఒత్తిడి మీద సర్పంచ్ చంపించినా, పాలకవర్గం తీర్మానం చేసినా అది చట్టాన్ని మించదు.

దత్తత

వీధికుక్కను ఇంటికి తెచ్చి పెంచుకోవచ్చు. ముందు టీకా, నులిపురుగుల మందు, ఆపరేషన్ చేయించి, స్థానిక సంస్థ వద్ద నమోదు చేయించి లైసెన్సు తీసుకోవాలి. దత్తత తీసుకున్న కుక్కను మళ్లీ వీధిలో వదలకూడదని సుప్రీంకోర్టు 2025లో స్పష్టంగా చెప్పింది. ఎంత వెతికినా తప్పిపోయిన పెంపుడు కుక్క యజమాని దొరకకపోతే, ఆ ప్రయత్నాల ఆధారాలు దగ్గర పెట్టుకుని, పోలీసులకు తెలిపి అప్పుడు పెంచుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఎవరికి చెప్పాలి

హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ హెల్ప్‌లైన్ 040-21111111కు, ఇతర పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ కార్యాలయానికి, పల్లెల్లో పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. సంచార పశువైద్య వాహనాల నంబరు 1962 ప్రధానంగా పాడిపశువుల కోసమే అయినా గాయపడిన కుక్క విషయంలో అడిగి చూడవచ్చు. నేరం జరుగుతుంటే 112. అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్, విశాఖపట్నంలోని విశాఖ జంతు సంరక్షణ సంస్థ ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాయి. ఫిర్యాదును పట్టించుకోకపోతే సోమవారాల్లో కలెక్టరేట్లో అర్జీ ఇవ్వాలి: తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. కోర్టులు కూడా జోక్యం చేసుకుంటాయి: 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో చనిపోయినప్పుడు తెలంగాణ హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది.

విదేశాల్లోని తెలుగువారికి

మన దేశంలోని పద్ధతి అన్నిచోట్లా చెల్లదు. బ్రిటన్‌లో దారితప్పిన కుక్క దొరికితే 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం యజమానికి తిరిగి ఇవ్వాలి, లేదా స్థానిక కౌన్సిల్‌కు తెలపాలి. కౌన్సిల్ 7 రోజులు ఉంచి చూస్తుంది. దొరికినవారు పెంచుకోదలిస్తే అధికారి అనుమతితో కనీసం నెల రోజులు ఉంచుకోవాలి. ఇంగ్లండ్‌లో 2016 ఏప్రిల్ 6 నుంచి పెంపుడు కుక్కలకు మైక్రోచిప్ తప్పనిసరి. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి, కౌంటీని బట్టి నియమాలు మారతాయి. దొరికిన కుక్కను స్థానిక జంతు నియంత్రణ విభాగానికి గాని, షెల్టర్‌కు గాని తెలపడం సురక్షితం.

పాటించాల్సిన క్రమం

దూరం నుంచి గమనించి, ఎవరి కుక్కో తేల్చుకుని, ఫొటో తీసి, రాతపూర్వకంగా తెలిపి, ఫిర్యాదు నంబరు దాచుకోవడం: ఈ క్రమం తప్పకపోతే చట్టం మీ పక్షాన ఉంటుంది. పిల్లల ప్రాణాలకూ కుక్కల ప్రాణాలకూ పోటీ పెట్టాల్సిన అవసరం లేదు. ఆపరేషన్లు, టీకాలు, చెత్త ఎత్తడం సక్రమంగా జరిగిన వీధిలో రెండూ భద్రంగా ఉంటాయి. ఆ పనులు చేయాల్సింది స్థానిక సంస్థ, చేయించాల్సింది పౌరులు. మీ వీధిలో చెవి గాటు లేని కుక్కలు ఎన్ని ఉన్నాయో ఈ వారమే లెక్కపెట్టి, ఆ లెక్కతో మీ మున్సిపాలిటీకి గాని, పంచాయతీకి గాని ఒక అర్జీ ఇవ్వండి.